మెదక్‌లో నాస్తికుడి కోసం నేను వెతికిన వైనం

నా జీవితంలో అతిపెద్ద తెలివితక్కువ పని నేను మెదక్‌లో, ఆదివారం ఆరాధనలో, మైకు పట్టుకుని మరీ చేశాను.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. హైదరాబాదులో క్రైస్తవ వేదాంతం చదివి, మెదక్‌లో ఒక చిన్న సంఘానికి సహాయ పాస్టరుగా వచ్చాను. దేవుణ్ణి నమ్మని ఈ కాలపు మనుషులకు సువార్తను కొత్తగా ఎలా చెప్పాలో నాలుగు నోటు పుస్తకాల నిండా రాసుకున్నాను. చిక్కల్లా ఒకటే. ఊళ్లో నమ్మనివాడు దొరకలేదు.

దీక్షా శిబిరంలో కుర్రాళ్ల పక్కన కూర్చుని అడిగాను. "దేవుని మీద మీకేమన్న అనుమానాలున్నయా?"

"దేవుని మీదెందుకుంటయన్నా? ఢిల్లీ మీదున్నయ్. తెలంగాణ జల్ది ఇప్పియ్యమని మీ ప్రభువుకు గూడ జర చెప్పుండ్రి."

చాయ్ హోటల్ ఖాదర్ భాయ్ చెంపలేసుకున్నాడు. "తోబా తోబా! నాకేం అనుమానాల్లేవ్. నర్సింలు సారును అడుగు. ఆయన ఏ దేవున్నీ నమ్మడు."

నర్సింలు సారు పాపన్నపేటలో లెక్కలు చెప్పి రిటైరైన పెద్దమనిషి. పులి జాడ దొరికిన వేటగాడిలా పరుగెత్తాను.

"ఆదివారం మా ప్రార్థనకు రాండ్రి సారూ."

"వస్త," అన్నాడాయన. అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే నేను ఆలోచించాల్సింది.

ఆయనొక్కడి కోసం గంటా పది నిమిషాలు బోధించాను. హేతువాదాన్ని చీల్చి చెండాడాను. 'ఎవరి సత్యం వారిది' అనేవాళ్లను మూడుసార్లు ఓడించాను. ముందు వరుస ముసలమ్మలు ఆవలించి ఆవలించి, నిద్రలోకి జారుకున్నారు. నేను మాత్రం ఆగలేదు.

"సారూ, మీ అభ్యంతరమేందో ఇప్పుడు చెప్పుండ్రి!"

ఆయన మెల్లగా లేచాడు. "నాకు అభ్యంతరమేం లేదు పాస్టరూ. నా భార్య దవాఖానల ఉన్నప్పుడు, మీ ముందు వరుసల కూసున్న గీ ఎస్తేరమ్మ ఇరవై దినాలు అన్నం తెచ్చిపెట్టింది. గా తల్లిని సూసే, బాప్తిస్మం తీసుకుంటనని పోయిన నెలనే మీ పెద్ద పాస్టరుకు చెప్పిన. ఇప్పుడు నీ ప్రసంగం ఇన్నంకనే, జర అనుమానాలు మొదలైనయ్."

సంఘమంతా నిద్ర లేచి మరీ నవ్వింది. పెద్ద పాస్టరు గారు నా చేతిలోని మైకు మృదువుగా లాక్కున్నారు. ఎస్తేరమ్మ నా వీపు నిమిరింది. "మంచిగనే చెప్పినవ్ బిడ్డా. గని అందరికీ ఆకలైతుంది."

దేవుడి దయవల్ల సారు అనుమానాలు భోజనంతో తీరిపోయాయి. ఆయన బాప్తిస్మం నాడు నాకు తువ్వాలు పట్టుకునే పని ఇచ్చారు. నోరు మూసుకుని పట్టుకున్నాను.

ఆ నీళ్ల ఒడ్డునే ప్రభువు సాక్షిగా ప్రమాణం చేశాను: ఎవరింట్లో ఎవరికి జ్వరమొచ్చిందో కనుక్కోకుండా, వాళ్ల నమ్మకాల జోలికి ఇక పోను గాక పోను. ఆమేన్.