ప్లైవుడ్ గనికి కప్పు పరీక్ష

2012. రామగిరి గుట్టల పక్కన, బొగ్గు గనుల కాలనీని ఆనుకుని యూనివర్సిటీ వాళ్లు పెట్టిన ఇంజనీరింగ్ కాలేజీలో నేను మైనింగ్ ల్యాబ్ టెక్నీషియన్‌ని. కాలేజీకి పట్టుమని ఐదేళ్లు లేవు. గోడల సున్నం ఇంకా చొక్కాలకు అంటుకునేది. అయినా యూనివర్సిటీ నుంచి తనిఖీ బృందం వస్తోందనగానే ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి, "మన కాలేజీ చరిత్ర, విలువలు నువ్వే చెప్పాలయ్యా. నీకు నోరుంది" అన్నారు.

చరిత్ర నాకు పెద్ద కష్టం కాదు. మొదటి బ్యాచ్ పిల్లలు బెంచీలు లేక బొగ్గు పెళ్లల మీద కూర్చుని పరీక్షలు రాశారనీ, చలికాలం రాగానే ఆ కుర్చీలనే కాల్చుకుని వెచ్చగా చదువుకున్నారనీ అప్పటికే సగం గోదావరిఖనికి చెప్పి ఉన్నాను. విలువల దగ్గరికి వచ్చేసరికి నోరు పెగల్లేదు. క్రమశిక్షణ, నిజాయితీ అని ప్రతి కాలేజీ గోడ మీదా రాసే ఉంటుంది. వాటికి కథ అల్లడం నా వల్ల కాలేదు.

మా ల్యాబ్‌లో ఒక మోడల్ గ్యాలరీ ఉండేది. గ్యాలరీ అంటే గనిలో బొగ్గు తవ్వుకుంటూ పోయే సొరంగం లాంటి దారి. మేము పాత స్టోరు షెడ్డులో ప్లైవుడ్ కప్పు వేసి, నల్లరంగు పూసి, తడి ఆరకముందే బొగ్గుపొడి చల్లి తయారు చేశాం. చూడవచ్చిన వాళ్లకు మాత్రం నేను, "వెనుక పాత గని మూతి బయటపడింది, దాని మీదే షెడ్డు కట్టినం" అని చెప్పేవాణ్ణి.

బృందం వచ్చే రోజు పొద్దున్నే ఓదెలన్న వచ్చాడు. రెండో సంవత్సరం మైనింగ్ చదివే మౌనిక తండ్రి. గనిలో మైనింగ్ సర్దార్, అంటే కార్మికులు లోపలికి పోకముందే కప్పు బాగుందో లేదో చూసి చెప్పే మనిషి. నైట్ షిఫ్టు దిగి తిన్నగా కాలేజీకే వచ్చినట్టున్నాడు, కళ్ల చుట్టూ ఇంకా నలుపు ఉంది.

"అన్నా, పెద్దసారుకు చెప్పి నా బిడ్డను ఈ బ్రాంచిల నుంచి తీసేయించు. కంప్యూటర్ల ఎయ్యి, లేకుంటె ఇంటికి తోలు."

"ఏమైందే ఓదెలన్నా? పిల్ల మంచిగ చదువుతుంది."

"చదువుతది. అందుకే భయం. నేను దిగే కాడికి నా బిడ్డ దిగద్దు. నా కండ్ల ముంగట కప్పు కూలంగ చూసిన. ఆడపిల్లలను కింద డ్యూటీకే తీసుకోరంటె, గీ చదువెందుకు?"

"మీదికెల్లి తవ్వే ఓపెన్‌కాస్ట్ ఉన్నది గద బాపు" అంది పక్కనే నిలబడ్డ మౌనిక. "రూల్స్ ఎప్పటికి గిట్లనే ఉంటయా?"

మాట మార్చుదామని నేను ఓదెలన్నను గ్యాలరీ దగ్గరికి తీసుకుపోయి, నా పాత గని కథ చెప్పాను. నమ్మాడో, నమ్మినట్టు నటించాడో ఆ మనిషికే తెలియాలి. గోడకు ఆనించిన కర్ర తీసుకుని, గడపలోనే నిలబడి కప్పును పొడిచాడు. దీన్ని రూఫ్ టెస్టింగ్ అంటారు. గట్టి బండ అయితే ఖంగుమంటుంది, లోపల విడిపోయి ఉంటే డప్పులా మోగుతుంది. మాది ప్లైవుడ్. పెళ్లి డప్పులా మోగింది.

"దొల్ల మోత" అన్నాడు. "ఎవ్వలు లోపటికి పోవద్దు."

లోపల చార్టులు అతికిస్తున్న పిల్లలు పకపకా నవ్వారు. నాకూ మూతి బిగబట్టుకోవడం కష్టమైంది. "అన్నా, అది ప్లైవుడ్ కప్పు. నేను ఉత్తగ చెప్పిన" అన్నాను. ఓదెలన్న కదల్లేదు. మౌనిక నవ్వలేదు. పిల్లలందరినీ బయటికి పిలిచి, దారికి అడ్డంగా కట్టె కట్టింది. అది ఫెన్సింగ్. కప్పు బాగాలేదని ఒకరు అన్నాక, సరిచేసేదాకా ఎంత పెద్ద ఆఫీసరైనా ఆ కట్టె దాటడు.

సరిగ్గా అప్పుడే బృందం దిగింది. ముగ్గురు పెద్దమనుషులు, వెనుక చెమటలు కక్కుతూ ప్రిన్సిపాల్ గారు.

"రెండు నిమిషాలు ఆగాలె సార్" అంది మౌనిక. "కప్పు చెకింగ్‌ల ఉన్నది."

వాళ్లలో పెద్దాయన పైకి చూశాడు. "ఇది ప్లైవుడ్ కదమ్మా?"

"అవును సార్. ప్లైవుడ్ కాడ ఆపకపోతె బొగ్గు కాడ ఎట్ల ఆపుత?"

ఆయన పక్కకు జరిగి నిలబడ్డాడు. తండ్రీ కూతుళ్లు కలిసి ప్రాప్ నిలబెట్టారు. ప్రాప్ అంటే కప్పు కింద పెట్టే గుంజ. సందుల్లో చెక్క చీలికలు కొట్టి బిగించాక ఓదెలన్న కర్రను కూతురి చేతికిచ్చాడు.

"ఇగ నువ్వు చూడు బిడ్డా. పోవచ్చునా?"

ప్రిన్సిపాల్ గారు వెనుక నుంచి బొటనవేలు ఎత్తి చూపిస్తున్నారు. నేను తల ఊపుతున్నాను. బృందం గడియారాలు చూసుకుంటోంది. మౌనిక కప్పును పొడిచింది. మళ్లీ అదే డప్పు.

కర్ర దించింది. "ఇంకా దొల్లనే ఉన్నది బాపు. నేను పొమ్మనను."

ఓదెలన్న నవ్వాడు. పొద్దుటి నుంచి అదే మొదటిసారి. "ప్లైవుడ్ గదనే. నూరు గుంజలు పెట్టినా గట్లనే మోగుతది" అని, తన చేతులతోనే అడ్డకట్టె విప్పి, పెద్దలను లోపలికి పంపాడు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి గొంతు తగ్గించాడు.

"పెద్దసార్లు నిలబడ్డరని బాగున్నదని అంటె, గిప్పుడే ఇంటికి తీస్కపోదునన్నా. గసోంటోళ్లే కింద మందిని చంపేది. బ్రాంచి ముచ్చట ఇడిసిపెట్టు. చదువుకోనీ."

చాయ్ కూడా తాగకుండా నిద్రకు పోయాడు.

మోత గుర్తుపట్టడం ఒక్క పూటలో నేర్పవచ్చని ఆ రోజు నాకు తెలిసింది. చుట్టూ అందరూ తొందరపడుతున్నప్పుడు విన్నది విన్నట్టు చెప్పడం మాత్రం ఏ పాఠంలోనూ లేదు. అందుకే ఇప్పుడు ప్రతి బ్యాచ్‌కూ మొదటి క్లాసు ఆ కప్పు కిందే. పిల్లలు కర్రతో పొడుస్తారు. నేను పక్కన నిలబడి, "బాగనే ఉన్నది గద, జల్ది కానియ్యిండ్రి, బస్సు పోతది" అని సతాయిస్తాను. "లేదు సార్, దొల్లనే ఉన్నది" అని ఒక్క గొంతయినా లేచేదాకా ఎవరినీ బయటికి పోనివ్వను.