పద్నాలుగో టోకెన్ మట్టయ్య

మా ఇంటి ఓనరు మట్టయ్య పెదనాన్నకు డాక్టర్ల పిచ్చి. కొందరికి సినిమాలు, కొందరికి పేకాట. ఆయనకు టోకెన్ తీసుకుని ఆస్పత్రి బెంచీ మీద కూర్చోవడం. దిల్‌సుఖ్‌నగర్ నుంచి హయత్‌నగర్ దాకా ఆయన చూపించుకోని డాక్టరు ఎవరైనా ఉంటే, ఆ డాక్టరు ఇంకా బోర్డు తగిలించలేదన్నమాట.

ఇంతకీ ఆయనకు రోగమేమీ లేదు. ఆర్టీసీలో ముప్పై రెండేళ్ళు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. నాలుగు జొన్నరొట్టెలు తిని, గడ్డిఅన్నారం మార్కెట్ నుంచి బత్తాయిల సంచి భుజాన మోసుకొచ్చి, "బిడ్డా, జర దవాఖానకు పోయొస్త" అనేవాడు.

"ఏం నొప్పి పెదనాన్నా?" అని నేను పుస్తకంలోంచి తలెత్తేదాన్ని.

"చెంప. తలకాయ గూడ."

"నొప్పి గీయనకు గాదు, గీయనతోటి నాకు," అనేది సైదమ్మ పెద్దమ్మ వంటింట్లోంచి.

కళ్ళ డాక్టరు అద్దాలిచ్చాడు. అవి పెట్టుకుంటే పెదనాన్నకు మా మెట్లు రెట్టింపు కనిపించేవి. ముక్కు డాక్టరు ఆవిరి పట్టమన్నాడు. ఎముకల డాక్టరు మెడకు పట్టీ వేశాడు. అది వేసుకుని పేపరు చదువుతుంటే పక్క పేజీకి మనిషి మొత్తం తిరగాల్సి వచ్చేది. చివరికి ఒక పళ్ళ డాక్టరు సగం విని, పైవరసలో ఒక పన్ను పీకేశాడు. అప్పట్నుంచి ఆయన మాటల్లో సన్నగా ఈల కలిసింది.

డాక్టరు గది తలుపు దగ్గర నిలబడి, బయటికొచ్చే ప్రతి మనిషినీ ఆపేవాడు. "నీ మాట మొత్తం ఇన్నడా? చెయ్యి పెట్టి చూసిండా?" రిసెప్షన్ పిల్లలు ఆయన్ని చూస్తే ఫోనెత్తి ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నటించేవాళ్ళు.

"అందర్నీ అలా అడుగుతారేం?" అన్నాను ఒకసారి.

"బస్సు ఎట్లుందో ఎక్కేటోన్ని అడిగితే ఏం తెలుస్తది బిడ్డా? దిగేటోన్ని అడగాలె."

నిజంగా నొప్పి ఉన్నది పై పోర్షన్‌లో, మా అమ్మ సూర్యప్రభకు. పార్శ్వపు తలనొప్పి ఆమెకు చిన్నప్పటి నుంచీ ఉంది. అది వచ్చిన రోజు కిటికీలు మూసుకుని చీకట్లో పడుకునేది. ఏడాదిగా కుడి చెంపలో ఇంకొకటి మొదలైంది. బ్రష్ తగిలితే కరెంటు షాకు. ముద్ద నమిలితే షాకు. ఫ్యాను గాలికి షాకు. ఒక డాక్టరు రెండు పళ్ళు పీకాడు. పళ్ళు పోయాయి గాని నొప్పి పోలేదు. ఇక చచ్చినా డాక్టరు గడప తొక్కనని ఒట్టేసుకుంది. మజ్జిగన్నం తాగి, ఏడు కిలోలు తగ్గిపోయింది. మాట్లాడినా నొప్పే కాబట్టి పలక మీద రాసేది. మా ఇంట్లో నాకంటే తక్కువ మాట్లాడే మనిషి ఉండటం అదే మొదటిసారి.

అవి సకల జనుల సమ్మె రోజులు. మా నాన్న మల్లికార్జునరావుది తణుకు. రోజూ పొద్దున్నే కింద నుంచి "జై తెలంగాణ, రావుసాబ్!" అని కేక. పై నుంచి "జై సమైక్యాంధ్ర, మట్టయ్యగారూ!" అని జవాబు. తర్వాత ఇద్దరూ ఒకే పేపరు పంచుకునేవాళ్ళు. కొన్నాళ్ళకు పెదనాన్న కేక మానేసి, కింద నుంచి పిడికిలి మాత్రం ఎత్తడం మొదలుపెట్టాడు. నాన్న కూడా పిడికిలే ఎత్తేవాడు. గొంతు పోయి ఉంటుందనుకున్నాం.

ఒక బుధవారం పొద్దున పెదనాన్న పైకొచ్చాడు.

"చెల్లే, ఎల్బీ నగర్ల నరాల డాక్టరమ్మ దగ్గర నాకు పద్నాలుగో టోకెన్. ఇయ్యాల కొత్తపేటల రాస్తారోకో ఉన్నది, నేను పోవాలె. నా సీటుల నువ్వు పోయి కూసో."

'డాక్టర్లకో దణ్ణం' అని రాసి చూపించింది అమ్మ.

"ముప్పై రెండేండ్ల సర్వీసుల సీటు ఖాళీగ పెట్టి బండి పోనియ్యలే. గిప్పుడు నా పరువు తీస్తవా?"

అమ్మకు నవ్వొచ్చింది. నవ్వగానే చెంప పట్టుకుంది. కాసేపటికి పలక తుడిచి 'సరే' అని రాసింది.

బస్సుల్లేవు, ఆటోల్లేవు. అమ్మా, నాన్నా, నేనూ ముగ్గురం స్కూటరెక్కాం. పెదనాన్న మెడలోని గులాబీ కండువా తీసి, చెంపకు తగలకుండా అమ్మ తల మీద ముసుగులా వేశాడు.

"అదొద్దండీ, మా వాళ్ళెవరైనా చూస్తే?" అన్నాడు నాన్న.

"గాలి తగిలితే నొప్పి లేసేది చెల్లెకు. మీ వాళ్ళకు గాదు."

కొత్తపేటకు చేరేసరికి రోడ్డు మధ్యలో పొయ్యి పెట్టి వంట చేస్తున్నారు. నినాదాలకు చెవులు గింగురుమంటున్నాయి. అమ్మ రెండు చేతులతో తల పట్టుకుంది. అడ్డదారిన మాకంటే ముందే చేరిన పెదనాన్న రోడ్డు మధ్యకొచ్చి చేతులూపాడు.

"సప్పుడు బంద్! చెల్లెకు తలనొప్పి. జై తెలంగాణ మనసుల అనుకోండ్రి, చెయ్యి మాత్రం లేపుండ్రి!"

మూడొందల మంది నోరు మూసుకుని పిడికిళ్ళెత్తారు. గులాబీ ముసుగుతో అమ్మ వాళ్ళ మధ్య నుంచి వెళ్ళింది. మర్యాద కోసం నాన్న కూడా ఒక చెయ్యెత్తాడు. స్కూటరుతో పాటు ఆయన సమైక్యాంధ్ర కూడా ఒకసారి ఊగింది.

"పద్నాలుగు, మట్టయ్య!" అని ఆస్పత్రిలో పిలవగానే అమ్మ లేచింది.

డాక్టరమ్మ వింతగా చూసినా, ఏమీ అనకుండా పలక మీది రాతలన్నీ ఓపిగ్గా చదివింది. దూది పింజ చెంప దగ్గరికి తెచ్చింది. తగలకముందే అమ్మ వెనక్కి జరిగింది.

"దొరికారు!" అంది డాక్టరమ్మ. "పోయినవారం మట్టయ్యగారు సరిగ్గా ఇవే చెప్పారు. కరెంటు షాకు, బ్రష్, ఫ్యాను గాలి. నేను దూది పెడితే చెంప ముందుకు చాపి, 'ఇంకో పక్కకు గూడ రాయుండ్రి' అన్నారు. ఈ నొప్పి మీది కాదు, ఎవరిదని అడిగాను. లేచి దండం పెట్టారు. 'పదకొండు మంది డాక్టర్లకు చెప్పిన, గా మాట అడిగింది మీరొక్కరే. ఇగ మా చెల్లెను తోలిస్త' అన్నారు."

నాన్న అమ్మ తల మీది కండువా వైపే చూస్తూ కూర్చున్నాడు.

చెంపది ముఖం నరం నొప్పి, పళ్ళ తప్పేమీ లేదు. తలది మైగ్రేను, అది వేరే. ఒకసారి స్కాన్ తీయాలి. దేని మందు దానికే, కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి. మందులు చాలకపోతే ఆపరేషన్ దారి కూడా ఉంది. ఇంతే చెప్పింది. ఏడాదిగా ఇంత మాట ఎవరూ చెప్పలేదు.

రెండో వారానికి అమ్మ సైదమ్మ పెద్దమ్మ చేసిన జొన్నరొట్టె నమిలి తింది. నాన్న కిందికి వెళ్ళి, "మట్టయ్యగారూ, ఆ పన్ను కూడా మా కోసమే పీకించుకున్నారా?" అన్నాడు.

"వాడు గంత జల్ది పీకుతడని నాకేమెరుక రావుసాబ్!"

మర్నాడు పొద్దున పెదనాన్న అలవాటుగా కింద నుంచి పిడికిలెత్తాడు. నాన్న చెయ్యెత్తేలోపు, నెలల తర్వాత అమ్మ గొంతు వీధంతా వినిపించింది.

"జై తెలంగాణ, అన్నయ్యా!"

కింద నుంచి పంటి సందులోంచి పొడుగాటి ఈల, వెనకే "రైట్ రైట్!"

నాన్న ఆ పలక ఎక్కడ పెట్టామా అని ఇప్పటికీ వెతుకుతున్నాడు.