వానక్క, ఎర్రగీత పడ్డ తాళం

కాలేజీ వెనక పెరట్లో, సైకిల్ షెడ్డుకీ ప్రహరీగోడకీ మధ్య, ఇనుప కంచె కట్టిన చిన్న చదరం ఒకటి ఉంది. దాని నడుమ మోకాలెత్తు వానమాపకం. పైన గరాటు, లోపల సీసా. సైన్సు ల్యాబులో అటెండరుగా పనిచేసే ఆమె రోజూ ఉదయం ఎనిమిదిన్నరకి ఆ కంచె తలుపు తీసేది. గరాటులో ఎండాకు ఇరుక్కుని ఉంటే తీసి పారేసి, సీసాలో నీళ్ళు కొలగ్లాసులో పోసి, ఒంగి కంటికి సమంగా పట్టుకుని చూసేది. నీటి వంపు అడుగు ఏ గీతను తాకితే అదే ఆ రోజు వాన. ఆ అంకెను నోటుబుక్కులో రాసుకుని, స్టాఫ్‌రూమ్ మూలనున్న పాత కంప్యూటర్లో వాతావరణ ఆఫీసు సైటు తెరిచి, పేరూ పాస్‌వర్డూ కొట్టి ఎక్కించేది.

దీనికి జీతం లేదు. "ఎవరైనా చూసుకుంటారా?" అని ప్రిన్సిపాల్ అడిగిన రోజు అందరూ కిటికీలోంచి బయటికి చూస్తుంటే, "నేను చూస్తాలెండి" అంది. ఆ మాటకి తొమ్మిదేళ్ళు. అప్పట్నుంచీ కాలేజీలో అందరికీ ఆమె వానక్కే.

తొమ్మిదేళ్ళలో ఒక్క రోజూ తప్పలేదు. ఆదివారాలూ వచ్చేది. చినుకు పడని రోజున సున్నా వేసేది. "పడని వానకి కూడా రాతకోతలేంటక్కా?" అని వాచ్‌మన్ నవ్వితే, "సున్నా వేరు, ఖాళీ వేరు. సున్నా అంటే చూశాను, లేదు అని. ఖాళీ అంటే చూసే దిక్కే లేదని" అనేది.

ఆ తొమ్మిదో ఏట, వానలు ముదిరిన వారంలో, కాలేజీ కంప్యూటర్లన్నిటికీ కొత్త బ్రౌజర్ వేశారు. మర్నాడు ఆమె ఎప్పటిలాగే సైటు తెరిచి, పేరు కొట్టి, పాస్‌వర్డు గడిలో వేలు పెట్టగానే కింద ఒక చిన్న పెట్టె ఊడిపడింది. "ఈ కనెక్షన్ సురక్షితం కాదు. ఇక్కడ ఇచ్చే లాగిన్ వివరాలు ఇతరుల చేతికి చిక్కవచ్చు." పైన సైటు అడ్రసు పక్కన తాళం బొమ్మ, దాని మీద అడ్డంగా ఎర్రగీత.

ఆమె చటుక్కున చెయ్యి తీసేసింది. ఇతరులంటే ఎవరు? గదిలో ఎదురుగా లెక్కల మాస్టారు ఒక్కడే పేపరు చదువుకుంటున్నాడు. పాపం ఆయన ఆమె వంకైనా చూడలేదు. అయినా ఆమె లేచి కిటికీ రెక్క మూసింది. మళ్ళీ కూర్చుని కొట్టబోతే అదే పెట్టె. కంప్యూటర్ ఆపి, తిరిగి వేసింది. అదే పెట్టె. తప్పు తనదా, కంప్యూటర్‌దా, కాలేజీదా, ఆఫీసుదా అన్నది పెట్టెలో ఎక్కడా లేదు. ఆ రోజు అంకె నోటుబుక్కులోనే ఉండిపోయింది.

సాయంత్రం ఇంట్లో చెప్పింది. భర్త బస్ డిపోలో మెకానిక్. ఏ విషయాన్నయినా బోల్టు బిగించినట్టు ఒక్క మాటతో తేల్చేసే మనిషి.

"వాన ఎంత పడిందో దొంగిలించి ఎవడేం చేసుకుంటాడే? గొడుగు కొనుక్కుంటాడా?"

"నవ్వకండి. చేతికి చిక్కుతాయని రాసుంది."

"చిక్కనీ. ఎలాగూ అందరూ తడుస్తూనే ఉన్నారుగా!"

మర్నాడు వాతావరణ ఆఫీసుకి ఫోన్ చేసింది. ఎత్తిన గుమాస్తా మాట పూర్తి కానివ్వలేదు. "అది అందరికీ వస్తోందమ్మా. పట్టించుకోకండి, మామూలుగా కొట్టెయ్యండి." హమ్మయ్య అనుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది గానీ, ఆ ఎర్రగీత చూస్తే మళ్ళీ చెయ్యి ఆడలేదు. మళ్ళీ ఫోన్ చేస్తే ఈసారి ఇంకో ఆవిడ ఎత్తింది. "సురక్షితం కాదు అని వచ్చాక ఎలా కొడతారండీ? అస్సలు కొట్టకండి. పైవాళ్ళకి రాశాం." ఒకే ఆఫీసు, ఒకే నంబరు, రెండు మాటలు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్నట్టుంది ఆమె పని. అంకెలు ఫోన్లో చెప్తానంటే, "ఫోన్లో తీసుకోమండీ, సైటులోనే ఎక్కించాలి" అన్నారు.

అలా నెలాఖరుదాకా పదకొండు రోజులు గడిచాయి. వానలు మాత్రం ఎవరినీ అడక్కుండా కురిశాయి. నెల తిరగగానే ఆఫీసు వాళ్ళు గోడకి అంటించుకునే పట్టిక పంపారు. అన్ని ఊళ్ళ వరసల్లోనూ అంకెలున్నాయి. ఆమె వరసలో మాత్రం పదకొండు చోట్ల అడ్డగీతలు. పట్టిక పట్టుకుని ల్యాబులో స్టూలు మీద కూర్చుని, ఆ అడ్డగీతల్ని వేలితో ఒక్కొక్కటీ లెక్కపెట్టింది.

అక్కడికి ఎక్స్‌టెన్షన్ బోర్డు కోసం వచ్చిన కంప్యూటర్ మేడమ్ ఆమె వాలకం చూసి ఆగింది. కంప్యూటర్ ల్యాబు చూసుకునే మనిషి, వానక్క కంటే ఇరవయ్యేళ్ళు చిన్నది. సంగతంతా విని కుర్చీ లాక్కుంది.

"అక్కా, మీరు కొట్టింది ఇక్కణ్ణుంచి ఆఫీసుకి ఒక్క దూకులో పోదు. మధ్యలో ఎన్నో యంత్రాల మీదుగా పోతుంది. తాళం ఉన్న సైటైతే మీరు రాసింది గజిబిజి చేసి పంపుతుంది, దారిలో ఎవరు చూసినా అర్థం కాదు. వీళ్ళ సైటుకి ఆ ఏర్పాటు లేదు. రాసింది రాసినట్టే పోతుంది."

"మరి ఇన్నేళ్ళూ?"

"ఇన్నేళ్ళూ అలాగే పోయింది. పాత బ్రౌజర్ చెప్పలేదు, కొత్తది చెప్పింది."

ఆ మాటకి ఆమెకి భయం తగ్గకపోగా పెరిగింది. "అంటే బాగానే ఉన్నది కొత్త బ్రౌజర్ వేశాకే చెడిపోయింది అనుకున్నాను. మొదట్నుంచీ చెడిపోయే ఉందా?"

"వాన లెక్క ఎవరిక్కావాలక్కా. చూసేవాడుంటే పాస్‌వర్డు కోసం చూస్తాడు. ఇంతకీ ఈ పాస్‌వర్డు ఇంకెక్కడైనా వాడుతున్నారా?"

వానక్క వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. మెయిలుకి అదే. బ్యాంకుకి అదే. కరెంటు బిల్లుకి అదే. ఇంటి పిల్లి పేరూ, పెళ్ళైన సంవత్సరమూ కలిపి కట్టిన పాస్‌వర్డు. మరిచిపోతానేమోనని అన్నిటికీ అదొక్కటే పెట్టుకుంది.

ఆ సాయంత్రం భర్తతో చెప్తే మొదట నవ్వబోయాడు.

"బ్యాంకుది కూడా అదేనా?"

"అదే."

నవ్వు సగంలో ఆగిపోయింది. ఇద్దరూ చాపమీద కూర్చుని, ఒక్కొక్కటీ మార్చారు. ప్రతిదానికీ వేరే మాట వెతకడానికి పెళ్ళి చూపులంత సేపు పట్టింది. ఆయన చెప్పిన మాటలన్నీ బస్సు భాగాలే. చివరికి బ్యాంకుకి గేరుబాక్సుతో మొదలయ్యేది ఖాయమైంది. అవన్నీ ఒక కాగితం మీద రాసి, బీరువాలో చీరల అడుగున పెట్టారు.

మర్నాడు మేడమ్ దగ్గరికెళ్ళి, "ఇప్పుడు ఆ సైటు సురక్షితమేనా?" అని అడిగింది.

"లేదక్కా, ఇంకా కాదు. కానీ అక్కడి పాస్‌వర్డు పోయినా దాంతో మీ ఇంకే తలుపూ తెరుచుకోదు."

"నా పేరుతో ఎవరైనా తప్పుడు వాన ఎక్కిస్తే?"

మేడమ్ తల గోక్కుంది. "అది… అవునక్కా, చెయ్యొచ్చు." అంత చదువుకున్న మనిషి కూడా తడబడటం చూసి, వానక్కకి విచిత్రంగా కాస్త ధైర్యం వచ్చింది. ఆఫీసుకి ఉత్తరం రాసింది. సైటు బాగుపడేదాకా రోజూ అంకె ఎక్కిస్తాననీ, వారానికోసారి నోటుబుక్కు పేజీ నకలు పోస్టులో పంపుతాననీ, రెండూ సరిపోల్చుకోమనీ. ఆ పదకొండు రోజుల అంకెలు కూడా జతచేసింది. జవాబు రాలేదు. పైనెల పట్టికలో మాత్రం అడుగున చిన్న అక్షరాల్లో ఒక సవరణ కనిపించింది. పదకొండింటిలో తొమ్మిది చేర్చారు. మిగతా రెండు ఎందుకు వదిలేశారో ఆమెకి ఈనాటికీ తెలియదు.

చలికాలం మొదట్లో వాతావరణ ఆఫీసు పేరుతో ఫోనుకి ఒక కబురొచ్చింది. "మా సైటు ఇప్పుడు పూర్తిగా సురక్షితం. ఇక్కడ నొక్కి లాగిన్ అవ్వండి." నొక్కితే అదే రంగు, అదే మేఘం బొమ్మ, పైన చక్కగా మూసిన తాళం. సంబరంగా మేడమ్‌కి చూపించింది. మేడమ్ అడ్రసు మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివించింది. ఒక అక్షరం ఎక్కువుంది.

"తాళం ఉందిగా!"

"తాళం దారికక్కా. ఆ దారి ఎవరింటికి పోతుందో తాళం చెప్పదు. ఇది ఎవరో దొంగ కట్టిన ఇల్లు."

వానక్కకి తల తిరిగింది. తాళం లేనిది నిజమైన ఆఫీసు, తాళం ఉన్నది దొంగ. ఇంతకంటే వానే నయం, గ్లాసులో పోస్తే ఎంతుందో అంతే చూపిస్తుంది అనుకుంది. మరో ఆరు వారాలకి అసలు సైటుకీ తాళం వచ్చింది. అప్పుడామె అడ్రసు రెండుసార్లు అక్షరమక్షరం చదివి, పాస్‌వర్డు మళ్ళీ మార్చి, ఆ రోజు సున్నా ఎక్కించింది.

మొన్నొక మధ్యాహ్నం చెల్లెలు ఫోన్ చేసింది. కంటి ఆసుపత్రిలో డాక్టరు దగ్గర సమయం తీసుకుందామని సైటు తెరిస్తే ఏదో పెట్టె వచ్చిందట.

"అక్కా, నీకివన్నీ తెలుసటగా. కొట్టనా, వద్దా?"

"ఉండవే. పైన ఏం రాసుంది?"

"ఏదో గీత ఉంది."

"తాళం మీదా, పక్కనా?"

"తాళమేం లేదే, గీతే ఉంది. ఏమో, నా కళ్ళజోడు మంచం కింద పడిపోయింది."

"మరి చదవకుండా కొట్టడమేంటే! ముందు కళ్ళజోడు వెతుక్కో. లేకపోతే నేరుగా ఆసుపత్రికి ఫోన్ చెయ్యి. నాకు తెలిసింది సగమే. మిగతా సగం ఎవరికి తెలుసో కనుక్కోవాలి."

అవతల చెల్లెలు మంచం కింద చేత్తో తడుముకుంటున్న చప్పుడు వినిపిస్తుంటే, ఆమె ఫోను పెట్టెయ్యకుండా పట్టుకునే ఉంది.