మూడేళ్ళు కలం ముట్టని ఇంజనీరు

ఆ రోజుల్లో పటాన్‌చెరు చుట్టుపక్కల ఇంజనీరింగ్ సీటు దొరకడం కంటే బస్సులో సీటు దొరకడం కష్టం. హైవే పక్కన ఈ ఏడు కంది చేను కనిపిస్తే, మరుసటేడు అక్కడ కాలేజీ లేచేది. (కంది చేనే నయం, కనీసం పప్పయినా ఇచ్చేది.) ఇప్పుడు మా ప్లాంటులో కొత్తగా చేరిన పిల్లలు చాయ్ తాగేటప్పుడు నన్ను పక్కకు పిలిచి, "అన్నా, స్టూడెంట్ లోన్ ఎన్నేండ్లు కట్టకపోతే కొట్టేస్తరే?" అని అడుగుతుంటారు. ఇంతమంది ఉండగా నన్నే ఎందుకడుగుతారో తెలియదు, నా మొహంలోనే ఏదో ఉన్నట్టుంది. వాళ్ళకు ఈ కథే చెబుతాను. ఈ సంగతి శాంతంగా చెప్పడం మాత్రం నాకు ఇప్పటికీ చేతకాదు, ముందే మన్నించండి.

నేను చదివింది మెకానికల్. నాలుగేళ్ళలో మా కాలేజీవాళ్ళు లేత్ మిషను మీద కప్పిన గుడ్డ రెండే సార్లు తీశారు, రెండుసార్లూ తనిఖీకి పెద్దమనుషులు వచ్చినప్పుడే. ఫీజు దగ్గర మాత్రం ఒక్క రోజు ఆలస్యాన్ని కూడా ఓర్చుకునేవాళ్ళు కాదు. అందుకోసం నాలుగు లక్షల లోన్ తీసుకున్నాం. ఆస్తి తాకట్టు అక్కర్లేదు, తండ్రి కూడా అప్పుదారుగా సంతకం పెడితే చాలన్నారు. నాన్న జిన్నారం వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు ఇన్‌చార్జి. ముప్పై ఏళ్ళుగా గంట గంటకూ లాగ్‌బుక్కులో టెంపరేచర్ రాసి, టైము వేసి, కింద సంతకం పెట్టిన మనిషి. ఆ అలవాటు చొప్పున బ్యాంకు కాగితాల మీద కూడా ప్రతి సంతకం పక్కన టైము వేశాడు. బ్యాంకు గుమాస్తా నవ్వాడు, నేను సిగ్గుతో చచ్చిపోయాను.

డిగ్రీ చేతికొచ్చాక నాకు దొరికిన ఉద్యోగం పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీలో డ్రమ్ములకు స్టిక్కర్లు అంటించడం. నా పక్కన అంటించే బీహార్ అన్న చదివింది ఐదో తరగతి. జీతం ఇద్దరికీ ఒకటే, పనిలో అతనే మెరుగు. ఆ జీతంతో బ్యాంకు అడిగిన నెల వాయిదా కడితే ఇంటికి పిడికెడు బియ్యం కూడా రావు. అటు నాన్న రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్ళ నాలుగు నెలలుంది. ఆ వచ్చే డబ్బుతో అమీన్‌పూర్‌లో అపార్ట్‌మెంట్ల దగ్గర పిండి గిర్ని పెట్టుకోవాలని ఆయన కోరిక. "ఇగ ఎవ్వని షిఫ్టూ చెయ్య. నా గిర్ని, నా ఇష్టం," అని అన్నం తింటూ రోజూ అనేవాడు. నేను లోన్ కట్టకపోతే ఆ గిర్నికే ఎసరు.

అప్పుడే రంగంలోకి దిగాడు మా పక్కింటి లా పాయింట్ బాబాయి. కోస్తా నుంచి వచ్చి ఇక్కడి సర్కారు ఫ్యాక్టరీలో చేసి రిటైరైన మనిషి. (బంధుత్వం ఏమీ లేదు. చాయ్ తాగే మా ఇంట్లో అమ్మ చేత రోజూ కాఫీ పెట్టించుకున్న ఒకే ఒక్కడు గనుక బాబాయి.) "ఒరేయ్ అబ్బాయ్, జాగ్రత్తగా విను. నువ్వు కట్టడం మానేసిన దగ్గర్నించి మూడేళ్ళలోపు వాళ్ళు కోర్టుకెళ్ళాలి. వెళ్ళకపోతే ఆ తర్వాత దావా చెల్లదు. కానీ ఈలోగా ఒక్క రూపాయి కట్టినా, అప్పుందని ఎక్కడ సంతకం పెట్టినా, మళ్ళీ మొదటి రోజు నించి లెక్క! కాబట్టి కలం ముట్టుకోకు," అన్నాడు. నేను వేళ్ళు మడిచి చూసుకున్నాను. నాన్న రిటైర్మెంటుకు సరిగ్గా నాలుగు నెలల ముందు అప్పు చచ్చిపోతుంది! "గట్ల జేస్తే తప్పు గాదా అన్నా?" అంది అమ్మ. "చట్టమే చెప్పాక తప్పెలా అవుతుందమ్మా?" అన్నాడు బాబాయి గ్లాసు కింద పెడుతూ. నాన్న మాత్రం డ్యూటీకి టైమైందని టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇక మా ఇంట్లో కలం అంటే పాము. కొరియర్ వాడు సంతకం అడిగితే పార్సిల్ వెనక్కి పంపేవాళ్ళం. పెళ్ళిళ్ళలో చదివింపుల దగ్గర పేరు రాయమంటే, కవరు అక్కడ పడేసి పరుగున భోజనాల బంతికి పోయేవాణ్ణి. (ఎవరిచ్చారో తెలియని ఆ కవర్ల వల్ల మా బంధువుల్లో సగం మంది ఇప్పటికీ నన్ను పిసినారి అనే అనుకుంటున్నారు.) ఫ్యాక్టరీ హాజరు పుస్తకంలో నా సంతకానికి బదులు ఒక కోడిపిల్ల బొమ్మలాంటిది గీసేవాణ్ణి. అమ్మ నన్ను మించిపోయింది. రేషన్ షాపులో వేలిముద్ర మిషను చూపిస్తే, "సంతకం గంటే ఇదే డేంజర్, ఏలు పెడితే ఎటు పోతదో," అని సంచీ మడుచుకుని వచ్చేసింది. ఆ నెలంతా దుకాణంలో బియ్యం కొనుక్కుని తిన్నాం.

అన్నిటికంటే పెద్ద గండం హెల్మెట్ సారు. బ్యాంకు తరఫున వసూలుకు వచ్చేవాడు, ఇంట్లోకి వచ్చినా హెల్మెట్ తీసేవాడు కాదు. మాట్లాడేది మాతోనే అయినా గల్లీ చివరి దాకా వినబడేలా మాట్లాడేవాడు. ఒక ఆదివారం నేను స్నానం చేస్తుండగా వచ్చాడు. "మావోడు బొంబాయి పోయిండు సారూ," అంది అమ్మ. "గట్లనా? మరి బొంబాయిల బకీట్ సప్పుడు ఇక్కడిదాంక ఇనొస్తుంది గదమ్మా," అన్నాడతను. ఒంటి నిండా సబ్బుతో నేను ఊపిరి బిగబట్టాను. అతను వాకిట్లో నిలబడి, "ఇంజనీరంట, ఇజ్జత్ లేదు! సదువుకొని బ్యాంకును ముంచిండు!" అని అరిచాడు. సబ్బు కళ్ళలోకి కారి మండింది, అంతకంటే ఎక్కువగా ఒళ్ళు మండింది. మా రోడ్డులోనే ఒక ఫ్యాక్టరీకి తాళం పడి ఏళ్ళయింది. దాని ఓనరు కోట్లు బాకీపడితే బ్యాంకు చల్లగా పద్దుల్లోంచి కొట్టేసిందని గల్లీ అంతా చెప్పుకునేవాళ్ళు. ఆయన గేటు ముందు నిలబడి ఏ హెల్మెట్ సారూ ఎందుకు అరవడు? ఆయన స్నానం చేసేటప్పుడు ఎవడైనా బకెట్ చప్పుడు విన్నాడా?

చిత్రమేమిటంటే, కొన్ని నెలలకు హెల్మెట్ సారు రావడం మానేశాడు. బాబాయి అది తాను బ్యాంకుకు రాసిన నాలుగు పేజీల ఇంగ్లీషు ఉత్తరం ప్రభావమేనని (కింద సంతకం లేకుండా పంపిన ఉత్తరం!) మీసం తిప్పాడు. మూడేళ్ళు నిండిన మర్నాడు నేను అరకిలో జిలేబీ కొని, బాబాయిని వెంటబెట్టుకుని దర్జాగా బ్యాంకుకు వెళ్ళాను. మేనేజర్ మేడమ్ ముందు కూర్చుని, "మా లోన్ కాలం చెల్లింది మేడమ్, కొట్టేసి కాగితం ఇవ్వండి," అన్నాను. ఆమె కంప్యూటర్ చూసి, "కొట్టేసుడు ఎప్పుడో అయింది," అంది. నేను జిలేబీ పొట్లం విప్పబోయాను. "ఆగండి. అది మా పద్దుల వరకే. మీ మీద అప్పు అట్లనే ఉన్నది. కాలం కూడా చెల్లలే, మీ నాయన నెలనెలా ఐదు వందలు కడుతుండు గదా? ఆయన కట్టిన ప్రతిసారీ ఆయన బాధ్యతకు మళ్ళీ కొత్తగా మూడేండ్లు," అని స్లిప్పుల కట్ట తెచ్చి ముందు పెట్టింది. ప్రతి స్లిప్పు మీదా నాన్న సంతకం. ప్రతి సంతకం పక్కనా టైము. ఉదయం పది ఇరవై. పదకొండు ఐదు. కొన్నిటి మీద 'నైట్ షిఫ్ట్ తర్వాత' అని కూడా రాసి ఉంది. బాబాయి కళ్ళజోడు తీసి తుడుచుకుని, జీవితంలో మొదటిసారి ఏ పాయింటూ లేకుండా కూర్చున్నాడు.

ఆ రోజు ఇంట్లో నేను అరిచిన అరుపులు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "మూడేండ్లు దొంగలెక్క బతికిన! స్నానం గూడ సక్కగ చెయ్యలే! నీ గిర్ని కోసమే గదనే నేను గిట్ల జేసింది! అంతా బర్బాద్ జేసినవ్!" నాన్న తాపీగా బూట్ల లేసులు విప్పుకుంటూ, "సంతకం పెట్టిన గదరా," అన్నాడు. అంతే. నాకు ఇంకా మండింది. "కాలేజీవోడు సదువు చెప్తనని సంతకం పెట్టలేదా? ఆడు మాట నిలబెట్టుకున్నడా?" అన్నాను. "ఆని సంగతి ఆడు జూసుకుంటడు. ఆ హెల్మెట్ ఆయన గల్లీల నీ పేరు తీసి ఒర్రుతుంటే నేనెట్ల డ్యూటీ చెయ్యాలె? నెలకింత కడుత, మా ఇంటికి రాకు అని చెప్పొచ్చిన," అన్నాడు నాన్న. హెల్మెట్ సారు మానేసింది బాబాయి ఉత్తరం వల్ల కాదన్న సంగతి అప్పుడు తెలిసింది. (ఈ మాట ఆయనకు మేం చివరిదాకా చెప్పలేదు.)

నాన్న రిటైరైన నెలలోనే సంగారెడ్డి కోర్టులో లోక్ అదాలత్ పెట్టారు. బ్యాంకువాళ్ళు వడ్డీ చాలా మటుకు వదులుకుంటామన్నారు, అసలు ఒకేసారి కట్టమన్నారు. నేను లేచి కాలేజీ గురించి, లేత్ మిషను గుడ్డ గురించి, తాళం పడ్డ ఫ్యాక్టరీ గురించి ఉపన్యాసం మొదలుపెట్టాను. బల్ల వెనక కూర్చున్న పెద్దాయన ఓపికగా విని, "బాబూ, నీ కోపం న్యాయమే. గానీ ఈ బల్ల మీదికి వచ్చింది నీ లోన్ ఒక్కటే గదా," అన్నారు. నాన్న చెక్కు రాసి ఇచ్చాడు. గిర్ని డబ్బులో సగానికి పైగా అక్కడే అయిపోయింది. మిగిలినదానికి గిర్ని రాలేదు. ఆ తర్వాత రెండేళ్ళు నాన్న అమీన్‌పూర్‌లో ఒక అపార్ట్‌మెంటులో నీళ్ళ మోటర్ చూసుకునే పని చేశాడు. అందులోనూ షిఫ్టులే. ఈ ఒక్క ముక్కకు మాత్రం నా కోపం ఏ అదాలత్తులోనూ రాజీకి రాదు.

తిరుగు బస్సులో అదృష్టం కొద్దీ ఇద్దరికీ సీటు దొరికింది. చివరికి ఉండబట్టలేక, "నాకొక్క మాట చెప్పొద్దానే? మూడేండ్లు నన్ను పిచ్చోణ్ణి జేసినవ్," అన్నాను. నాన్న కిటికీలోంచి చూస్తూ, "చెప్తే నువ్వు బాబాయిని నా మీదికి తోలుదువు," అన్నాడు. తర్వాత మెల్లగా నవ్వి, "నువ్వు బ్యాంకుకు భయపడి దాక్కున్నవ్. నేను నీకు భయపడి దాక్కున్న. ప్రతి నెలా ఆ బ్యాంకు మెట్లెక్కేటప్పుడు ఎనకకు తిరిగి సూస్తుంటి, మావోడు గిట్ల వస్తుండేమో అని," అన్నాడు.

నైట్ షిఫ్టు చేసి ఎర్రబడ్డ కళ్ళతో, ఐదు వందలు జేబులో పెట్టుకుని, కన్నకొడుక్కి భయపడి వెనక్కి చూసుకుంటూ మెట్లెక్కిన ఆ మనిషి నాకు ఇప్పటికీ కళ్ళ ముందు కదులుతుంటాడు. చట్టం తెలిసిందని విర్రవీగిన ఆ ఇరవై ఆరేళ్ళ ఇంజనీరు మీద చాలా ఏళ్ళు పళ్ళు కొరుక్కున్నాను. ఈమధ్య వాడి మీద కోపం కాస్త తగ్గింది. పాపం, వాడు కూడా వాళ్ళ నాన్న కోసమే దాక్కున్నాడు.