చెంపతో చూసే నేల

హంపమ్మ నేలను చెంపతో చూస్తుంది. ఎవరూ లేనప్పుడే చూస్తుంది.

డోన్‌లో ఆమె తుడిచే ఇళ్లు నాలుగు. నాలుగింట్లోనూ నల్లటి కడప బండలే. బండకు ఏది పడుతుందో, ఏది పడదో హంపమ్మను అడగాలని అందరూ అంటారు. పెళ్లయిన ఏడాదే బేతంచెర్లలో పాలిష్ ఫ్యాక్టరీకి వెళ్లి, పదిహేడేళ్లు నీళ్లలో నిలబడి బండలు రుద్దింది. మొగుడు రంగస్వామి అక్కడే లారీలకు బండలెత్తేవాడు. ఒకరోజు ఎత్తుతూ ఎత్తుతూ కూర్చుండిపోయాడు. మళ్లీ లేవలేదు. దినాలు కాగానే హంపమ్మ వెళ్లి మిషన్ ముందు నిలబడింది. ఏడ్చిందా లేదా అన్నది ఆమెకే గుర్తు లేదు. ఫ్యాక్టరీ మూతపడ్డాక మూడు రుద్దుడు రాళ్లు, గరుకుది, నడిమిది, నున్నది, సంచిలో వేసుకుని డోన్ చేరింది.

అప్పట్లో అరచెయ్యి ఆనిస్తే చాలు, బండకు ఇంకా ఎంత రుద్దుడు కావాలో చెప్పేది. మూడేళ్లుగా ఆ చేతికి ఏమీ తెలియడం లేదు. మొదట చిటికెన వేలు మొద్దుబారింది, తర్వాత తక్కినవి. నొప్పి లేదు కాబట్టి చెప్పుకోవడానికీ ఏమీ లేదు. చెబితే మాత్రం పని పోతుంది. స్పర్శ లేదంటే కుష్టేమో అంటారు. ఇక ఎవరు ఇంట్లోకి రానిస్తారు?

నాలుగో ఇల్లు తనూజది. సూక్ష్మజీవుల చదువు చదివిన అమ్మాయి. పది నెలల కూతురు పాకడం మొదలుపెట్టినప్పటి నుంచి ఆమెకు నేల తప్ప వేరే ధ్యాస లేదు. ఆ పాప రోజూ హంపమ్మను చూడగానే రెండు చేతులూ చాపుతుంది. హంపమ్మ ఎత్తుకుంటుంది. బరువు మోచేతుల దగ్గర తెలుస్తుంది.

ఆ రోజు వెళ్లేసరికి హాలు మధ్యలో, చాటంత మేర, నల్ల బండ తెల్లగా పాలిపోయి ఉంది.

"ఏం పోసినావు తల్లీ ఈడ?"

"నిమ్మరసమేలే అక్కా. ఫినాయిల్ వాసన పాపకు మంచిది కాదు. క్రిములు చస్తాయని..."

"క్రిములు చచ్చినాయో లేదో గానీ బండ చచ్చింది. పులుపు తగిల్తే ఇది సున్నం మాదిరి తెల్లబోతాది. చింతపండు గిన్నె గూడా కింద పెట్టొద్దని చెప్పలేదా నేను?"

"చెప్పినావు. నేనే మర్చిపోయినా. ఇంత చదివి ఏం లాభం!" అంది తనూజ. "పోతుందా అక్కా?"

"పోతాది. రుద్దాల."

హంపమ్మ నీళ్లు చల్లుకుంటూ గరుకు రాయితో గంటసేపు రుద్దింది. తర్వాత నడిమి రాయి. మధ్యలో గుడ్డ పిండుకోవడానికి బాత్‌రూంలోకి వెళ్లి బకెట్‌లో రెండు చేతులూ ముంచింది. గుడ్డ జాడించింది, పిండింది, మళ్లీ ముంచింది.

"అక్కా! అవి పాపకు కాచిన నీళ్లు! ఇంకా చన్నీళ్లు కలపలే!"

హంపమ్మ కిందికి చూసింది. బకెట్ పొగలు కక్కుతోంది. చేతులు మణికట్టు దాకా ఎర్రగా ఉన్నాయి, ఎవరి చేతులో అన్నట్టు.

తనూజ ఆమెను లాక్కెళ్లి కొళాయి కింద చేతులు పెట్టించింది. చాలాసేపు నీళ్లు పోనిచ్చి, "కళ్లు మూసుకో. ఏ వేలు పట్టుకున్నానో చెప్పు" అంది.

హంపమ్మ కళ్లు మూసుకుని ఎదురుచూసింది. పక్క గదిలో పాప గిలక్కాయ ఆడిస్తోంది.

"పట్టుకో మరి" అంది కాసేపటికి.

కళ్లు తెరిచింది. ఉంగరం వేలు తనూజ చేతిలోనే ఉంది.

"ఎన్నాళ్లైంది?"

"మూడేండ్లు."

"ఎవరికీ చూపించలేదా?"

"చూపిస్తే పని యాడుంటాది తల్లీ?"

తనూజ కొళాయి కట్టేసింది. "షుగర్ కావచ్చు. ఇంకేమైనా కావచ్చు. రేపు పరగడుపున రా, నేనే ఆసుపత్రికి తీసుకుపోతా. పని మానొద్దులే" అంది. తర్వాత హాల్లోకి చూసి అడిగింది: "మరి బండ నున్నగైందో లేదో నీకెట్లా తెలుస్తుంది?"

ఇక దాచేదేమీ లేదు. హంపమ్మ ఆమె ముందే మోకాళ్ల మీద వంగి, కుడి చెంపను బండకు ఆనించింది. చల్లగా ఉంది.

"ఈ మూల ఇంగా కొంచెం గరుకుండాది."

నున్న రాయి తీసుకుని ఆ మూల పూర్తిచేసింది. వద్దని తనూజ రెండుసార్లు అంది. వినలేదు. చివర గుడ్డకు కొబ్బరినూనె చుక్క అద్ది తుడిస్తే బండ మళ్లీ నల్లబడింది. మచ్చ ఎక్కడుందో వెతికినా దొరకలేదు. తడి ఆరేదాకా హంపమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది.

పాప ఆ బండ మీదుగానే పాకుతూ వచ్చింది. హంపమ్మ ఎదుట ఆగి, రోజూలాగే రెండు చేతులూ చాపింది. హంపమ్మ కూడా చాపింది.

తనూజ గబగబా వచ్చి బిడ్డను ఎత్తుకుంది.

"చేతులు తడిగా ఉన్నాయి కదక్కా" అంది, ఎటో చూస్తూ.

హంపమ్మ తన చేతుల వైపు చూసుకుంది. అవి ఆరి చాలాసేపైంది.

"అవునమ్మా" అంది. మూడు రాళ్లూ ఒకటి తర్వాత ఒకటి సంచిలో వేసుకుంది.