సైన్యానికి పెళ్ళిచూపులు

అటేడు తరాలు, ఇటేడు తరాలు విచారించనిదే బుల్లబ్బాయిగారు బొటనవేలంత బొమ్మ సిపాయిని కూడా తన గుమ్మం తొక్కనివ్వరు.

ముందు మా ఆట సంగతి చెప్పాలి. ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక టిఫిన్ సెంటర్ మేడ మీద ఆదివారాలు మేం కొందరం చేరి యుద్ధాలు చేసుకుంటాం. ప్లాస్టిక్ సిపాయిలను అతికించి, రంగులు వేసి, బల్ల మీద మోహరిస్తాం. టేపుతో కొలిచి నడిపిస్తాం, పాచికలు వేసి చంపుకుంటాం. ఒక్కో సైన్యానికి ఒక్కో పుస్తకం ఉంటుంది. అందులో వాళ్ళ రాజులు, పగలు, శాపాలు అన్నీ రాసి ఉంటాయి. మేమైతే ఆ కథంతా గబగబా తిప్పేసి, ఎవరి బాణం ఎంత దూరం పోతుందో చూసుకుంటాం. బుల్లబ్బాయిగారు బాణాల పేజీ ఇంతవరకు తెరవలేదు.

ఆయనది కాకినాడ. ఇక్కడే ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యారు. వచ్చిన మొదటిరోజే నన్ను నిలదీశారు.

"యుగంధర్ గారూ, మీ రాక్షసుల మూలపురుషుడు ఎవరండీ?"

"ఏమో సార్. గొడ్డలితోని మంచిగ కొడ్తరు, చాలు."

"గొడ్డలి సంగతి తర్వాతండీ. కుటుంబం మంచిదేనా?"

చివరికి ఉప్పుకోట వీరులు ఆయనకు నచ్చారు. నెలల తరబడి రంగులు వేశారు. ఒక ఆదివారం ముఖం వేలాడేసుకుని వచ్చారు.

"వీళ్ళ రాజు ఆస్తి కోసం తమ్ముణ్ణి బావిలోకి తోశాడండీ! అలాంటివాళ్ళని మా అల్మారాలో ఎలా పెట్టుకోనూ? పై అరలో దేవుడి పటాలున్నాయి!"

ఆ సైన్యం మొత్తం మాతో ఆడే ధర్మరాజు చేతిలో పెట్టేశారు. తర్వాత అడవి విలుకాళ్ళను తెచ్చారు. వాళ్ళు ఎప్పుడో ఒక అతిథికి అన్నం పెట్టకుండా పంపేశారట. వాళ్ళు మాలోనే ఇంకొకడు, అభిరామ్ ఇంటికి పోయారు. బుల్లబ్బాయిగారి భార్య లీలాకుమారిగారు ఒకసారి మాకు మజ్జిగ తెచ్చి, మా అందరి ముందే ఆయన్ని అడిగారు.

"మా ఇంటికొచ్చి ఉప్మా తిని, పిల్ల నచ్చిందని వెళ్ళిపోయారు. ఈ ప్రశ్నల్లో ఒక్కటైనా అప్పుడడిగారా?"

"ఉప్మా బాగుందే!" అన్నారాయన.

ఆఖరికి ఏ మచ్చా లేని సంబంధం కుదిరింది. వంతెన కాపరులు. శత్రువు తరుముకొస్తుంటే, ఊళ్ళోవాళ్ళంతా అవతలి ఒడ్డు చేరేదాకా వంతెన మీద నిలబడ్డవాళ్ళు. చివరికి ఒక ముసలమ్మ మేకను లాక్కుంటూ దాటేదాకా కదల్లేదట. ఈ కథ ఆయన మోండా మార్కెట్‌లో వంకాయలు ఏరుతూ కూరగాయలావిడకు కూడా చెప్పారు. ఆవిడ గుప్పెడు పచ్చిమిర్చి కొసరు వేసిందట.

బల్ల మీద మాత్రం ఆ సైన్యం వరసగా ఓడిపోయేది.

"సార్, జెర ముందుకు జరపుండ్రి! గిక్కడ వంతెన లేదు!"

"ముసలమ్మ ఇంకా దాటలేదండీ."

అప్పుడే జెరూషా వచ్చింది. బేగంపేటలో ఫిజియోథెరపిస్టు. మా సైన్యాలు అడిగి తీసుకుని ఆడేది, మమ్మల్నే ఓడించేది. దసరా పోటీకి ఎవరి సైన్యం వాళ్ళే తెచ్చుకోవాలని నేనే బోర్డు మీద రాశాను. ఆ సాయంత్రం ఆమె బ్యాగు సర్దుకుంది.

"ఇదే లాస్ట్ సండే యుగంధరన్నా. సొంత సైన్యమంటే నా జీతంల అయ్యే పని కాదు. ఊకె అడుక్కొని ఆడుడు మంచిగనిపిస్తలేదు."

పోతూ పోతూ ఆమె వంతెన కాపరుల దగ్గర ఆగింది.

"అంకుల్, ముసలమ్మ దాటినంక ఒడ్డు మీద వీళ్ళ కోసం ఎవరన్న ఆగిన్రా?"

బుల్లబ్బాయిగారు కుర్చీలోంచి ఆమె వైపు పూర్తిగా తిరిగారు. ఇన్నాళ్ళూ ఆయన ప్రశ్నలే మేం భరించాం గాని, ఆయన్ని కథ గురించి అడిగినవాళ్ళు మాలో ఒక్కరూ లేరు.

"ఆగారమ్మా. దీపం పెట్టుకుని తెల్లవార్లూ కూర్చున్నారు" అన్నారు మెల్లగా. జెరూషా తలూపి మెట్ల దాకా వెళ్ళింది. వెనక నుంచి పెద్ద కేక.

"మోసపోయానండీ!"

బుల్లబ్బాయిగారు పుస్తకం తెరిచి నెత్తి బాదుకుంటున్నారు. "ఈ సేనాపతి పెరుగన్నంలో పంచదార కలుపుకుంటాడట! ఇంత ఘోరం ఎలా దాచారో చూడండి!"

ఆ కథ మాకందరికీ కంఠతా వచ్చు. అందులో పెరుగూ లేదు, అన్నమూ లేదు. నేను పుస్తకం అందుకోబోతే ఆయన దాని మీద మోచెయ్యి ఆనించారు.

"జెరూషా, వీళ్ళని తీసుకెళ్ళిపో తల్లీ. పుణ్యముంటుంది. నా కళ్ళ ముందు ఉంచకు."

అప్పుడు గాని నా బుర్ర వెలగలేదు. ఆ రోజుల్లో ధర్మరాజుకూ సొంత సైన్యం లేదు, అభిరామ్‌కూ లేదు. కొనుక్కునే దారీ లేదు. ఈయనకు తప్పులు కనిపించినప్పుడల్లా పక్కన ఖాళీ చేతులతో ఎవరో ఒకరు నిలబడి ఉన్నారు. ఆ ముసలాయన మీద నాకు ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను.

మరుసటి ఆదివారం జెరూషా సైన్యంతో వచ్చింది. పుస్తకం మొత్తం చదివేసినట్టుంది, ముఖం గంభీరంగా పెట్టింది.

"అంకుల్, నేను మంచిగ ఎంక్వైరీ చేసిన. మా సేనాపతి పంచదార ముట్టడు."

"అయ్యయ్యో! తొందరపడ్డానా?"

"మరి వాపస్ ఇయ్యాల్నా?"

"తప్పు తప్పు! అప్పగింతలు అయిపోయాక ఎవరైనా వెనక్కి తీసుకుంటారా?"

ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఆయన నా రాక్షసులను అరువు తీసుకుని ఆడి, హాయిగా ఓడిపోయారు.