చలిని బట్టి పోసిన చాయ్

గోదావరిఖని ఎండల గురించి చెప్పుకున్నంతగా అక్కడి చలి గురించి ఎవరూ చెప్పుకోరు. ఆ రోజుల్లో, అంటే డెబ్భైల మొదట్లో, డిసెంబరు వచ్చిందంటే గోదావరి మీది నుంచి వీచే గాలికి మొదటి షిఫ్టు వాళ్ళ పళ్ళు గని సైరన్ కంటే ముందే మోగేవి. చలి దేవుడిచ్చేది కాబట్టి పెద్దాచిన్నా తేడా లేకుండా అందరికీ సమానంగా పడుతుందని నేను నమ్మేవాణ్ణి. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు, రెండోసారి రాసి మెట్రిక్ పాసయ్యాను, ఇలాంటివి ఇంకా చాలా నమ్మేవాణ్ణి. కంపెనీ గెస్ట్‌హౌస్ వంటింట్లో బదిలీగా పని చేస్తున్నాను. బదిలీ అంటే పర్మినెంట్ మనిషి నాగా పెట్టిన రోజునే మనకు పని. పొద్దున్నే లేచి, ఎవరికైనా కాస్త జ్వరం వస్తే బాగుండునని దండం పెట్టుకునే ఉద్యోగమన్నమాట. (పేరు పెట్టి ఎవరి జ్వరమూ కోరుకోలేదు. ఆ మాత్రం సంస్కారం ఉండేది.) మా నాయిన అదే గనిలో బొగ్గు నింపేవాడు. "నువ్వు కిందికి దిగద్దు బిడ్డా. పైన్నే యాడన్న పర్మినెంట్ అయితివంటే నా పాణం నిమ్మలమైతది" అని రోజూ అన్నం ముందు కూర్చుని అనేవాడు. నాకు ఆ అన్నం సగమే దిగేది.

మా గని మేనేజర్‌ది సముద్రం పక్క ఊరు. దసరా దాటగానే మెడకు మఫ్లర్ చుట్టి, హోలీ దాకా విప్పేవాడు కాదు కాబట్టి ఆయన గని మొత్తానికీ మఫ్లర్ సాబ్. పిల్లల చదువుల కోసం కుటుంబాన్ని సొంతూళ్ళో వదిలి గెస్ట్‌హౌస్‌లోనే ఉండేవాడు. ఉత్తరాదిన గనుల చదువు చదివేటప్పుడు ఆయనకొక పానీయం అలవాటైంది. ఘాటు మసాలా చాయ్‌లో విస్కీ కలిపి తాగడం. దాన్ని ఆయన విస్కీ అనేవాడు కాదు, కషాయం అనేవాడు. మా వంటింటికి పెద్ద దిక్కయిన చాచా ఐదు పూటలా నమాజు చేసే మనిషి. మసాలా నూరడం వరకూ నేర్పి, "బోతల్ తోని నాకు పని లేదు, నువ్వే చూస్కో" అని చేతులు కడుక్కున్నాడు. అట్లా ఆ శాఖ నాకు దక్కింది.

మొదటి రోజు నేను శొంఠి, మిరియాలు, లవంగాలు, దాల్చినచెక్క, చాయ్ పత్తా, విస్కీ అన్నీ కలిపి పొయ్యి మీద పెట్టి శ్రద్ధగా మరిగించాను. విస్కీ మొత్తం ఆవిరై వంటింట్లో తిరిగింది, చాచా తోబా తోబా అంటూ పెరట్లోకి పరుగెత్తాడు, మఫ్లర్ సాబ్ గ్లాసులో చేదు మిగిలింది. రెండో రోజు పాలు పోశాను, విరిగింది. "నాయనా, నువ్వు చదువుకున్నవాడివేనా" అని ఆయన స్వయంగా వంటింట్లోకి వచ్చి నేర్పాడు. పాలు వద్దు, బెల్లం వెయ్యాలి, మసాలా సగానికి మరగాలి, దించి వడగట్టి, పొగ కొంచెం తగ్గాక అప్పుడు విస్కీ. "ఎంత సాబ్?" అన్నాను. "గ్లాసుకి మూతెడు. తర్వాత చలిని బట్టి చూసి పొయ్యి" అన్నాడు. నా జీవితాన్ని మార్చిన మాట అదేనని ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

ఆ ఏడాది కార్మికుల చేత తాగుడు మాన్పించాలని పైవాళ్ళకు బుద్ధి పుట్టింది. ఒక పొద్దున, మొదటి షిఫ్టు గనిలోకి దిగే ముందు, గని ముందరి మైదానంలో సభ పెట్టారు. సుమారు ఆరువందల మంది నేల మీద కూర్చున్నారు. ఒంటి మీద పల్చటి బనీను, మీద తువ్వాల, అంతకుమించి ఎవరికీ ఏమీ లేదు. వేదిక మీద మఫ్లర్ సాబ్, దవాఖాన డాక్టరు, ఇంజనీరు, సంక్షేమ ఆఫీసరు. నలుగురికీ కోట్లు, వెనక గాలి రాకుండా పరదా. తాగుడు వల్ల కలిగే నష్టాల గురించి మాట్లాడే ముందు గొంతు సరిగా ఉండాలి కదా, కషాయం పెట్టమని మఫ్లర్ సాబ్ నాకు సీసా ఇచ్చి పంపాడు. "మిగతా ముగ్గురికీ కూడా పొయ్యి, అడిగితే కషాయమను" అన్నాడు. (ఎవరూ అడగలేదు. వాసనకే ముగ్గురూ నమస్కారం పెట్టినంత పని చేశారు.)

ఇక్కడే నేను పొరపాటు చేశాను. చలిని బట్టి పొయ్యమన్నాడు కదా, చలి ఎంతుందో చూద్దామని బయట నిలబడ్డాను. నా ఒంటి మీద ఒక్క చొక్కా, దానికి రెండు బొత్తాలు తక్కువ. గాలి ఒక పక్క నుంచి దూరి ఇంకో పక్క నుంచి పోయింది. దవడలు కొట్టుకున్నాయి. ఇంత చలికి మూతెడు ఏం సరిపోతుంది, పాపం పెద్దమనుషులు అనుకుని ఇత్తడి కెటిల్లో సీసా వంచాను. తృప్తి కలిగేదాకా వంచే ఉంచాను. కోటు తొడిగిన ఒంటికి చలి వేరే లెక్కలో ఉంటుందని నాకు తట్టలేదు.

మఫ్లర్ సాబ్ మొదటి గ్లాసుతో సారా వల్ల చెడిపోయే కాలేయం గురించి చెప్పాడు. రెండో గ్లాసుతో కుటుంబాల గురించి చెప్పాడు. వెనక ముగ్గురూ ఆయనతో సమంగా గ్లాసులు ఖాళీ చేస్తున్నారు. మూడో గ్లాసు సగంలో ఉండగా కాగితం పక్కన పెట్టేసి, మఫ్లర్ విప్పేసి, జనం వంక చూశాడు. "ఇంత కోటేసుకుని, ఇంత మఫ్లర్ చుట్టుకుని నాకే ఇది తాగందే వణుకు ఆగడం లేదు. మీరు బనీన్లతో కూర్చున్నారు. తాగొద్దని చెప్పడానికి నేనెవర్నయ్యా" అన్నాడు. "ప్రతి ఒక్కరికీ ఉన్ని జెర్సీ ఇప్పిస్తాను. ఇది నా మాట" అన్నాడు. తర్వాత కెటిల్ పట్టుకుని నిలబడ్డ నా భుజం మీద చెయ్యేసి, "ఈ కుర్రాడు ఇంకా బదిలీయేనా? రేపటి నుంచి పర్మినెంట్" అని మైకులోనే చెప్పి, ఏడ్చాడు. వెనక ముగ్గురూ లేచి చప్పట్లు కొట్టారు. డాక్టరు కూర్చోవడం మరిచిపోయాడు. వేదికల మీద నేను విన్న నిజమైన ఉపన్యాసం అదొక్కటే, దానికి కారణం నా చెయ్యి జారడమే.

మర్నాడు మత్తు దిగింది, మాట మాత్రం దిగలేదు. ఆరువందల మంది విన్న మాట అది. మేమంతా కాక అని పిలిచే యూనియన్ లీడరు జెర్సీల జాబితా రాసుకుని ఆఫీసు ముందు కూర్చున్నాడు. కొత్తగూడెం పెద్దాఫీసు నుంచి విచారణ అన్నారు. తాగి అన్నానంటే తాగుడు వ్యతిరేక సభలో తాగినందుకు మఫ్లర్ సాబ్ ఉద్యోగానికే ముప్పు. తెలివితోనే అన్నానంటే జెర్సీలు ఇవ్వాలి. ఇలాంటప్పుడు పెద్దవాళ్ళకు మధ్యలో ఒక చిన్నవాడు కావాలి. సంక్షేమ ఆఫీసరు నన్ను పిలిచి, "సాబ్‌కు తెల్వకుండ నేనే మందు కలిపిన అని రాసియ్యి. నాలుగు నెలలు ఇంటికాడ ఉండు, మళ్ళ తీస్కుంటం" అన్నాడు. ఆ తీస్కుంటం అన్న మాట అంటున్నప్పుడు ఆయన నా వంక చూడలేదు. గేటు బయట కాక పట్టుకున్నాడు. "వట్టి చాయే అను. అంటే జెర్సీలొస్తయ్, నువ్వూ పర్మినెంట్ అయితవు. ఇంకోటన్నవంటే నువ్వూ పోతవ్, జెర్సీలూ పోతయ్. మీ నాయిన మొకం యాది చేస్కో" అన్నాడు. రాసిస్తే ఉద్యోగం పోతుంది, వట్టి చాయ్ అంటే అది అబద్ధమని సాక్ష్యం చెప్పడానికి వేదిక మీద ముగ్గురున్నారు. నిజంగా భయమేసింది. ఆ రోజు ఏడవడానికి వంటింట్లో ఉల్లిగడ్డల పని అడిగి పెట్టుకున్నాను. చాచా కాసేపు చూసి, "బయాన్ నక్కో దే రే, చాయ్ పిలా" అన్నాడు. వాంగ్మూలం ఇవ్వకు, చాయ్ తాగించు అని. నాకు అర్థం కాలేదు. "ఇచారణ చేసేటోళ్ళు ఎవరో ఒకపాలి లెక్క చూస్కో" అన్నాడు.

చూసుకున్నాను. డాక్టరు, ఇంజనీరు, సంక్షేమ ఆఫీసరు, వీళ్ళ మీద కొత్తగూడెం నుంచి వచ్చిన ఒక కళ్ళద్దాల పెద్దాయన. ఆ రోజు కెటిల్లో ఏం పోశావని అడిగినదానికి నేను, "ఏం చెప్పాల్నో తెలుస్తలేదు సాబ్. చేసి తెస్త, మీరే చూడుండ్రి" అన్నాను. శొంఠి, మిరియాలు, లవంగాలు, దాల్చినచెక్క, బెల్లం. అంతే. సీసా జోలికి పోలేదు. నాలుగు గ్లాసులు పోసి చేతులు కట్టుకుని నిలబడ్డాను.

డాక్టరు ఆశగా ఒక గుక్క తాగాడు. ఆయన మొహం కరెంటు పోయిన గదిలా అయింది. ఇంజనీరు తాగి డాక్టరు వంక చూశాడు. సంక్షేమ ఆఫీసరు తాగి గ్లాసులోకి చూశాడు. కళ్ళద్దాలాయన అడిగాడు, "ఆ రోజు మీరు ముగ్గురూ తాగిందీ ఇదేనా?" కాదంటే, ఆ రోజు గ్లాసులో ఇంకేదో ఉందని తెలిసే మూడేసి గ్లాసులు తాగామని ఒప్పుకోవాలి. "ఇదే" అన్నాడు డాక్టరు. "ఇదే" అన్నాడు ఇంజనీరు, "కొంచెం ఘాటు తక్కువ. అంటే మిరియాల ఘాటు." సంక్షేమ ఆఫీసరు తల ఊపి ఊరుకున్నాడు. మసాలా చాయ్ తాగి పూర్తి తెలివితో ఇచ్చిన హామీ అని రిపోర్టు తయారైంది. వెళ్ళబోతూ ఆ పెద్దాయన వంటింటి గుమ్మం దగ్గర ఆగి, గొంతు తగ్గించి, "బయట చలి బాగుంది. ఆ రోజుది ఏమైనా మిగిలిందా?" అన్నాడు. "అదే ఇదని ముగ్గురు సాబ్‌లు చెప్పిండ్రు గద సాబ్" అన్నాను. ఆయన నవ్వుకుంటూ జీపెక్కాడు.

కార్మిక సంక్షేమానికి గాను మఫ్లర్ సాబ్‌కు మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది. తాగుడు వ్యతిరేక సభల్లో వేదిక మీద మంచినీళ్ళు మాత్రమే ఉండాలని ఒక సర్క్యులర్ కూడా వచ్చింది. ఆయన మళ్ళీ నాతో సరిగా మాట్లాడలేదు, కషాయమూ అడగలేదు. ఏడ్చినందుకు సిగ్గుపడ్డాడేమో. సిగ్గుపడాల్సింది దానికి కాదని చెప్పేంత ధైర్యం నాకు అప్పుడు లేదు, ఇప్పుడు చెప్పడానికి ఆయన లేడు. జెర్సీలు టెండర్లు దాటి, సంతకాలు దాటి, మే నెలలో వచ్చాయి. రామగుండం ఎండలో రాళ్ళు పగిలే రోజున, చెమటలు కక్కుతూ లైన్లో నిలబడి అందరూ ముదురు నీలం ఉన్ని జెర్సీలు తీసుకున్నారు. అదే వారం నా ఆర్డరూ వచ్చింది. నాయిన ఆ కాగితం చదివించుకుని, మళ్ళీ చదివించుకుని, "నడువ్, ఫోటో దిగుదాం" అన్నాడు. జెర్సీలతోనే దిగాలన్నాడు. స్టూడియో అతను "ఇప్పుండ్రి కాకా, ఉడికిపోతరు" అంటే, "చలికి ఏస్కోలే తమ్మి, నువ్వు తియ్యి" అన్నాడు.

ఆ ఫోటో ఇప్పటికీ మా గోడ మీద ఉంది. నాయిన మొహం నిండా చెమట, పక్కన నేను, మెడ దాకా ఉన్ని, చేతిలో మడత పెట్టిన ఆర్డరు. చూసినవాళ్ళు ఏ చల్లటి ఊరికి వెళ్ళారని అడుగుతుంటారు. ఆ కుర్రవాడు నలుగురు ఆఫీసర్ల ముందు ఏమీ ఎరగనట్టు నిలబడి, ఒక్క అబద్ధమూ నోటితో ఆడకుండా పెద్ద అబద్ధం తాగించి పర్మినెంట్ అయ్యాడు. తర్వాత నేను ముప్పై ఏళ్ళకు పైగా ఎవరి కెటిల్లోనూ ఏమీ కలపకుండా, నిజాయితీగా పని చేసి రిటైరయ్యాను. ఫోటోలో వాణ్ణీ, అద్దంలో నన్నూ పక్కపక్కన పెట్టి చూస్తే, వాడే ఎక్కువ సంతోషంగా కనిపిస్తాడు.